కట్ట కాపలా

పట్నం బస్సు ఇంకా రాలేదు. వచ్చిన ప్రతి బస్సూ జహీరాబాదుదో బీదరుదో అవుతుంది, దుమ్ము లేపుకుంటూ తిరిగి మా మొహాన ఇంత పొగ కొట్టి ఆగుతుంది, మేమంతా లేచి నిలబడతాం, సంచులు దిగుతాయి, కాళ్ళు కట్టేసిన కోళ్ళు దిగుతాయి, దీపావళికి అత్తగారింటికి పోయొచ్చిన కొత్త అల్లుళ్ళు దిగుతారు, మావాళ్ళు దిగరు, మళ్ళీ కూలబడతాం. నారాయణఖేడ్ బస్టాండులో ఇంతమంది ఆడవాళ్ళు గుంపుగా కూర్చుంటే ఎవరికైనా ఒకటే అనుమానం. ఏ మేస్త్రి కింద పోతున్నరమ్మా అని కండక్టరొకడు అడగనే అడిగాడు. పోవడం ఎప్పుడో అయిపోయింది నాయనా, ఎవరు తిరిగొస్తారో చూడ్డానికి వచ్చాం. రామవ్వ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. పొద్దున ఊళ్ళో బయల్దేరినప్పుడు పట్టుకున్న చెయ్యి, మనూరు దాకా నడకలో వదల్లేదు, ఆటోలో ఇరుక్కుని కూర్చున్నప్పుడూ వదల్లేదు. "నీ మొగడున్న కాడ నా కొడుక్కేం గాదు శంకరమ్మా," అంటుంది, కాసేపాగి మళ్ళీ అదే మాట. ఏం చెప్పను. కొడుకు సంగయ్య నా మొగుడి పక్కనే ఉన్నాడన్నది నిజం. అది ఈమెకు ధైర్యం. నాకు అదే భయం.

ఎందుకంటే నాకు తెలిసింది ఈమెకు తెలియదు. ఇక్కడ కూర్చున్న ఎవరికీ తెలియదు. తుఫాను పడిన తర్వాత ఎవరి నుంచీ కబురు లేదు, ఫోన్లు లేవు, తీగలు తెగిపోయాయన్నారు, మొన్న మేస్త్రి దేవప్ప ఎక్కడి నుంచో ఎస్టీడీ బూతుకు ఫోను చేసి, వస్తున్నాం, పట్నం బస్సుకు దిగుతాం అని చెప్పించాడు. ఎంతమంది అని బూతువాడు అడిగితే, వచ్చినంక చెప్త అని పెట్టేశాడట. వచ్చినంక చెప్త! అందరూ బాగుంటే ఆ మాట ఎవడైనా అంటాడా. అందరూ బాగుంటే అందరం వస్తున్నం అంటాడు, అది చెప్పడానికి నోటికేం బరువు. ఆ సంగతి ఈ ఆడవాళ్ళందరికీ తెలుసు, తెలిసీ ఎవరికి వాళ్ళు నా మనిషి కాదులే అనుకుంటున్నారు. నేను అట్లా కూడా అనుకోలేను. నా మనిషి దిగాలి. దిగితే సంగయ్యా దిగాలి. ఇద్దరూ దిగాలి, లేదా ఇద్దరూ దిగొద్దు. ఛీ, ఏం మాట ఇది, పుస్తె కట్టించుకున్న ఆడది అనుకోవలసిన మాటేనా. కానీ పొద్దుటి నుంచి ఇదే తిరుగుతోంది లోపల. ఒక్కడే దిగితే, నా మొగుడొక్కడే దిగితే, రామవ్వ చేతిలో ఉన్న ఈ చెయ్యిని నేనేం చేసుకోను.

మా ఆయన వీరప్ప మా ఊరి చెరువుకు నీరటి. తూము తెరిచేదీ మూసేదీ, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పోవాలో చూసేదీ ఆయనే, ఆయనకు ముందు మా మామ, ఆ మామకు ముందు ఆయన తండ్రి. ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో తెలియదు గాని కట్ట మీద ఎండ్రకాయ బొరియ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతాడు. మా పెళ్ళయిన కొత్తలో ఒకసారి పడింది వాన, మనిషికి మనిషి కనిపించని వాన, ఈయన డప్పు తీసుకుని ఊరంతా ఉరికాడు. డప్పు వినిపిస్తే ఇంటికొక మొగవాడు పార పట్టుకుని కట్ట మీదికి రావాలి, అది మా దగ్గర ఆనవాయితీ, జ్వరమున్నా రావాలి, బాలింత ఇంట్లో ఉన్నా రావాలి. రానివాడి ముఖం ఆ తర్వాత ఎవరూ చూడరు. వాడి భార్యకు బావి దగ్గర చోటివ్వరు. రుద్రప్ప అని ఒకడున్నాడు, వాడి తండ్రి అప్పుడు రాలేదు, కిరాణం కొట్టు నడిపే కన్నడపోళ్ళు, మాకు పొలమే లేదు కదా కట్టతో ఏం పని అని జొన్నల సంచి పంపించి ఊరుకున్నాడు. ఇప్పటికీ అంటారు ఆ మాట. ఆ వేళ కట్ట లోపలి వైపు బుంగ పడింది, నీళ్ళు సన్నగా మొదలై బిందె మూతంత అయ్యాయి, ఈయన అందులోకి దిగి వీపు అడ్డం పెట్టాడు, పైనుంచి వాళ్ళు మట్టి సంచులు వేశారు. తెల్లారాక చెరువు నిండి నీళ్ళు మత్తడి దుంకుతుంటే ఊరంతా కట్ట మైసమ్మకు మేకను కోసి, ఈయన మెడలో కొత్త తువాలు వేసింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అబద్ధమెందుకు, అంత గర్వం నాకు ఆ తర్వాత నా బిడ్డలు పుట్టినప్పుడు కూడా లేదు.

అట్లాంటి మనిషి. వానొస్తే కట్ట మీదికి. ఆయనకు తెలిసిన చదువు అదొక్కటే. మా మెట్ట నేలల్లో నీళ్ళకు భయపడి పారిపోయినవాడిని నేనెరుగను, నీళ్ళొస్తున్నాయంటే ఎదురుపోతాం, పోయి ఆపుకుంటాం, ఆపుకోకపోతే ఏడాదంతా గడ్డి తినాలి. తర్వాత తర్వాత వానలు పోయాయి. చెరువులో గొర్లు మేశాయి, తూము రాళ్ళ మధ్య తుమ్మ మొలిచింది. నీటి బొట్టు లేని చెరువుకు నీరటిని ఎవరు పిలుస్తారు, పంట మీద ఇచ్చే గింజలు ఆగిపోయాయి. అయినా పొద్దున్నే లేచి పార భుజాన వేసుకుని కట్ట మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి వచ్చేవాడు. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను, ఏమయ్యా, ఆవులు తప్పిపోతాయనా కాపలా అని. నవ్వలేదు ఆయన. అప్పుడొచ్చాడు దేవప్ప, కోనసీమలో సముద్రం ఒడ్డున రొయ్యల చెరువులు తవ్వుతున్నారు, కట్టలు పోసేవాళ్ళు కావాలి అని. చెరువులు అన్నాడు చూడు, ఆ మాటకు ఈయన మొహం వెలిగింది. రొయ్యలని వినిపించలేదు, ఉప్పునీళ్ళని వినిపించలేదు. సంగయ్యను, ఇంకొందరిని తనే వెంటపెట్టుకుని పోయాడు. కొట్టు మునిగి కూలికి దిగిన రుద్రప్ప కూడా చేరాడు వాళ్ళలో. అక్కడ కట్ట పోశాక చివరన ఒక రాయి నిలబెట్టి కుంకుమ పెట్టాడట మైసమ్మని. చెరువుల ఆసామి చూసి మెచ్చుకున్నాడట.

"బస్సు బంతా అక్కా?" మహానంద. రుద్రప్ప పెళ్ళాం, బీదరు పిల్ల, మా ఊరొచ్చి ఏడాది కాలేదు, కంగారు పడితే కన్నడం బయటికొస్తుంది. ఇంకా రాలేదే తల్లీ. దీని మొగుడు దిగుతాడు. అది నాకు తెలుసు. చెప్పి దీని ఏడుపు ఆపొచ్చు, ఎట్లా తెలుసని రామవ్వ అడిగితే ఏం చెప్పాలి. అరటిపండ్ల బండివాడు మా వైపు జాలిగా చూస్తున్నాడు. చూడు నాయనా, చూడు. ఇదే బజారులో, తుఫాను పడక ముందు, అదిగో ఆ చాయ్ హోటల్లో రేడియో మోగుతుంటే ఎవరికీ జాలి లేదు. బంగాళాఖాతంలో తీవ్ర తుఫాను, తీరప్రాంత ప్రజలు సురక్షిత ప్రాంతాలకు వెళ్ళాలి అని ఆ ఆడమనిషి బియ్యం ధర చదివినట్టు చదువుతోంది, ఇక్కడ చాయ్ తాగేవాళ్ళ మొహాలు విచ్చుకుంటున్నాయి. సముద్రం దగ్గర తుఫానంటే మాకు నాలుగు చినుకులు. యాసంగి జొన్న మొలక ఎండిపోతోంది మరి. "కొట్టనియ్ తీ, జర గట్టిగనే కొట్టనియ్," అన్నాడొక పెద్దమనిషి సాసర్లో చాయ్ ఊదుకుంటూ. అంగడికి వచ్చి, ఆకాశం చూసి, నేనూ ఒక్క క్షణం మా శెనగ చేను గుర్తు తెచ్చుకున్నాను. ఆ తర్వాతే మా ఆయన ఉన్నది ఆ సముద్రం ఒడ్డునే అని తట్టింది. అంత దూరాన ఉన్న నాకు వినబడింది ఆ హెచ్చరిక, సముద్రం పక్కన గుడిసెల్లో ఉన్నవాళ్ళకు వినబడిందో లేదో ఎవరికి పట్టింది. ఉరుకులాడుకుంటూ బూతుకు పోయి, కొంగుముడిలో ఆయన కట్టి ఇచ్చిపోయిన ఆసామి నంబరు ఇచ్చాను. గీరుమంటూ గీరుమంటూ కలిసింది. ఎవరో పోయి ఆయన్ను పిలుచుకొచ్చారు.

"ఏంది? ఫోనెందుకు జేసినవ్?" ఆయన గొంతు. వెనకాల గాలి, తలుపు టపటప కొట్టుకుంటోంది. తుఫానొస్తుందట, రేడియోల చెప్తుండ్రు, అందరిని తీస్కొని వొచ్చెయ్ అన్నాను. "తుఫానంటే వానే గద. మనం సూడని వానా?" నవ్వుతున్నాడు! ఎన్నేళ్ళ తర్వాత విన్నాను ఆ నవ్వు. గది సముద్రమయ్యా అన్నాను. "సముద్రం దూరముంది. జీపొచ్చిందిక్కడికి, మైకుల చెప్పిండ్రు, ఊరోళ్ళంత లారీలెక్కుతుండ్రు. మన రుద్రప్ప గాడు గూడ ఉరికిండు, తండ్రి బుద్ధి యాడికి వోతది. సంగయ్యను, కడమ మనోళ్ళను నేనాపిన. వానొస్తదంటే కట్ట మీదికి వోతరు గని కట్ట ఇడ్సి వోతరా ఎవలన్న?" నేను ఏదో అరిచాను. బూతువాడు నావైపు చూశాడు. ఏమని అరిచానో ఇప్పుడు గుర్తు లేదు, నీ కాళ్ళు మొక్కుతా అన్నానేమో, అని ఉంటాను. అంతలో ఫోను ఆసామి అందుకున్నాడు. మెత్తటి గొంతు, వెన్న రాసినట్టుంది. "మీరేం కంగారు పడకండమ్మా. మీ ఆయన ఉండగా నా చెరువులకేం కాదండీ," అన్నాడు. నా చెరువులకేం కాదన్నాడు. మీ ఆయనకేం కాదని మాటవరసకైనా అనలేదు. పెట్టేశాడు. నేను రిసీవరు పట్టుకుని ఇంకాసేపు నిలబడ్డాను, అయిపోయింది అవ్వా అని బూతువాడు నా చేతిలోంచి తీసుకున్నాడు.

జీపట, మైకట. ఒక్కసారి వచ్చి అరిచిపోతే అయిపోయిందా. ఖాళీ చేయించడమంటే ఏమిటో నేను చూసినదాన్ని. మా అమ్మగారి ఊరు సింగూరు డ్యాము నీళ్ళ కింద ఉంది. పట్నం వాళ్ళకు తాగేందుకు నీళ్ళు కావాలి, మా ఊరు లేవాలి. అప్పుడు చూడాలి జీపుల తిరుగుడు, ఏళ్ళ తరబడి తిరిగాయి. ఇంటింటికీ వచ్చి కూర్చున్నారు, బతిమాలారు, బెదిరించారు, గోడల మీద సున్నంతో గుర్తులు పెట్టారు, పోము అని మొండికేసిన మా నాయనమ్మను మంచంతో సహా ఎత్తి ట్రాక్టరులో పెట్టారు, ఆమె వెనక్కి తిరిగి రాకుండా వాసాలు కూడా పీకించారు. ఒక్క ప్రాణిని వదల్లేదు, కుక్కలతో సహా తోలారు. వాళ్ళకు నీళ్ళు కావలసినప్పుడు అంత బాగా వచ్చు ఆ పని. మనుషులు కావలసినప్పుడే చేతగాదు. సముద్రం ఒడ్డున మైకులో ఒక మాట అని, ఊరివాళ్ళను లారీ ఎక్కించి, అవతల కట్ట మీద గుడిసెల్లో ఉన్నవాళ్ళు ఏ ఊరివాళ్ళో ఎందుకున్నారో అని ఒకడు దిగి నడిచి వచ్చి రెక్క పట్టుకుని లాగి ఉంటే? మా నాయనమ్మను ఎత్తినట్టు ఈ మొండి మనిషిని ఎత్తి లారీలో పడేసి ఉంటే? ఎవరి మీద తిప్పినా ఆ తిట్టు తిరిగి తిరిగి నా మొగుడి మీదికే వస్తోంది. వాళ్ళు చెప్పారు గదా. చెప్పింది విన్నాడు గదా. విని, ఆపాడు. తను ఒక్కడు ఉంటే ఆయన ప్రాణం ఆయన ఇష్టం. సంగయ్యను ఎందుకు ఆపాలి. ఆపితే ఆగేవాడే సంగయ్య, వీరప్పన్న మాటంటే వాడికి అంత గురి.

రామవ్వ తల నా భుజం మీద వాలింది. నిద్రపోతోందా, లేదు, పెదాలు కదులుతున్నాయి, బోరంచ పోచమ్మకు ఏదో మొక్కుతోంది. చీకటితో లేచి జొన్న రొట్టెలు చేసి కొడుక్కు మూటగట్టి తెచ్చింది, ఆకలి మీద దిగుతడు అంటూ. ఆ వెచ్చదనం ఎప్పుడో పోయింది, ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పింది. నేనేమీ తేలేదు. తేవడానికి చెయ్యి రాలేదు. చెప్పేద్దామా ఇప్పుడే. రామవ్వా, నీ కొడుకును పోనియ్యకుండా ఆపింది నా మొగుడే అని. చెబితే ఏమవుతుంది, చెయ్యి వదిలేస్తుంది, అంతే గదా. కానీ ఇద్దరూ బతికి దిగితే? మూర్ఖంగా నోరు పారేసుకున్నదాన్ని అవుతాను. దిగకపోతే చెప్పి లాభమేంటి. దేవప్ప చెప్పడు, కూలీలను ఎందుకు కదిలించలేదని తన మెడకే చుట్టుకుంటుంది. మా ఆయన చెప్పడు. నేను చెప్పను. తుఫాను వచ్చింది, సముద్రం కొట్టింది, ఎవరేం చేస్తారు. ఈ మాట పొద్దుటి నుంచి లోపల అనుకుంటూ అనుకుంటూ నున్నగా చేసి పెట్టుకున్నాను. పట్నం బస్సు మలుపు తిరిగింది.

అందరం లేచాం. మహానంద అందరికంటే ముందు ఉరికింది. మొదట దేవప్ప దిగాడు, తలకు తువాలు, ఎవరి వైపూ చూడలేదు. తర్వాత రుద్రప్ప. మహానంద పోయి వాడి రొమ్ము మీద రెండు చేతులతో గుద్దింది, బస్టాండంతా చూస్తుండగా, గుద్ది అక్కడే పట్టుకుని ఏడ్చింది. ఇంకొందరు దిగారు, ఒక్కొక్కరు దిగినప్పుడల్లా మాలో ఒకరు కేక పెట్టి విడిపోతున్నారు, మిగిలినవాళ్ళం దగ్గరికి జరుగుతున్నాం, చివరికి నేనూ రామవ్వే మిగిలాం. ఆయన దిగాడు. ఎవరిదో పొడుగు చొక్కా, ఎవరిదో లుంగీ, మోకాళ్ళ దాకా గీరుకుపోయిన కాళ్ళు. బతికాడు. నా మొగుడు బతికాడు, మైసమ్మ తల్లీ, బతికాడు. అంత సంతోషం, దాచలేను, కళ్ళు వాటంతట అవే కారిపోయాయి. ఆయన వెనకాల మెట్టు మీద ఎవరూ లేరు. రామవ్వ నా చెయ్యి వదలకుండానే బస్సు లోపలికి తొంగి చూసింది. "ఇంక లేరా?" అంది. "లేరవ్వా, ఖాళీ," అన్నాడు కండక్టరు, ధడాలున తలుపు వేశాడు.

ఆయన నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. నన్ను చూసి ఏమన్నాడో తెలుసా. "కట్ట తెగలే," అన్నాడు. బాగున్నావా అనలేదు, పిల్లలని అడగలేదు. "నా కొడుకేడి వీరప్పా?" అంది రామవ్వ. గొంతు మామూలుగానే ఉంది. దేవప్ప గబగబా మధ్యలోకి వచ్చాడు. "సముద్రం మీదికెల్లి వచ్చిందవ్వా, ఎవలికి ఎరుక లేకుండె, చెప్పెటోడు లేడు, జీపు లేదు, ఏం లేదు," అన్నాడు. నేను తలాడించాను. అవునవును అని కూడా అన్నాను, నేనేదో అక్కడ ఉండి చూసినట్టు. అంతలో ఆయన, ఎన్నడూ నీళ్ళ విషయంలో అబద్ధమాడని ఆ మనిషి, ఎత్తిన తల దించకుండా, "జీపొచ్చింది," అన్నాడు. "పొమ్మన్నరు. నేనే ఆపిన."

సోడా బండి దగ్గర గోలీలు గలగలమంటున్నాయి. రామవ్వ అరుస్తుందనుకున్నాను, మట్టి ఎత్తి పోస్తుందనుకున్నాను, ఆయన్ను కొడితే అడ్డం పోకూడదని కూడా అనుకున్నాను. అరవలేదు. నా చెయ్యి మాత్రం వదిలింది. రొట్టెల మూట కిందపడకుండా రెండు చేతులతో పట్టుకుంది. ఆయనే మాట్లాడుతున్నాడు, ఆపడం లేదు, ఎవరో తనను తప్పు పట్టినట్టు, ఆ తప్పు మాత్రం తనది కానట్టు. "ఒక్క కాడ గూడ బుంగ వడలే అవ్వా. నీ కొడుకు, నేను పొద్దుమీకె దాంక సంచులేసినం. వానికి వట్టినంత ఓపిక ఎవలికి వట్టలే. నీళ్ళు కట్ట మీదికెల్లి దుంకినయ్, తాటిచెట్టంత లేసి. కట్ట మాత్రం గట్లనే ఉన్నది. తెల్లారి సూసిన గద, గట్లనే ఉన్నది."

"గా కట్ట ఎవనిది వీరప్పా?" అంది రామవ్వ.

నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది. మా ఊళ్ళో ఎవరూ ఎవరినీ అడగవలసిన అవసరం రాని మాట అది. ఆయన దేవప్ప వైపు చూశాడు, వాడు తువాలు విప్పి దులుపుకుంటున్నాడు. నా వైపు చూశాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆయనకు మాట తోచనప్పుడల్లా నేనే అందించేదాన్ని, అలవాటు, ఇప్పుడూ అందిస్తానని చూశాడు. నేను కళ్ళు తుడుచుకుని, జరిగి, రామవ్వ పక్కన నిలబడ్డాను, ఆయన ఏం చెబుతాడో విందామని.